నీది అన్నాక

ఎస్తేరు కాలనీ గేటు దాటేసరికి నెత్తిమీదుగా మూడో డేగ లేచింది. పక్కింటి డాబా మీద ఆరేసిన చీరలు ఆ గాలికి ఒక్కసారి ఎగిరి మళ్ళీ సర్దుకున్నాయి. వాచ్‌మన్ తల కూడా ఎత్తకుండా, రామిరెడ్డి గారు మదనపల్లెకి టమాటాల కోసం వెళుతున్నారని చెప్పాడు. రామిరెడ్డి గారికి ఎనభై రెండు. ధ్వనికి కాస్త వెనకగా పరుగెత్తే విమానంలో, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూరగాయలకి వెళ్ళే మనుషులు ఈ దొనకొండ వానదళం కాలనీలో తప్ప ఇంకెక్కడా కనిపించరు.

డేగ రెండు సీట్ల విమానం. పక్కపక్కన ఇద్దరు కూర్చోవచ్చు. ఇద్దరి ముందూ విమానాన్ని తిప్పే చెరో స్టిక్, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. జనం ఎక్కే పెద్ద విమానాలు తమంతట తామే ఎగరడం ఎప్పుడో నేర్చుకున్నాయి, వాటిలో పైలట్ అనే ఉద్యోగమే లేదు. డేగ మాత్రం మనిషి చెయ్యి పడందే కదలదు. చట్టమూ అదే, సరదా కూడా అదే. తనంతట తానే దిగిపోయేదాన్ని కొనుక్కుని ఏం చేసుకుంటామని ఇక్కడి ముసలివాళ్ళు ఎదురు అడుగుతారు. అయితే ఆ వేగంలో దిగేటప్పుడు రెప్పపాటు ఆలస్యమైతే చాలు, రన్‌వే దాటి కందిచేలో తేలతారు. ఎనభై ఏళ్ళ చేతికి ఆ చురుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పూర్వహస్తం నుంచి వస్తుంది. అది వేళ్ళ చివర్ల నుంచి భుజం దాకా వచ్చే పల్చటి తొడుగు. లోపల వెంట్రుకంత సన్నటి కృత్రిమ నరాలూ కండరాలూ, భుజం మీద చిన్న కెమెరా కన్నూ ఉంటాయి. మనిషి మంచి వయసులో పనిచేసే రోజుల్లోనే అది ఆ చేతిని చదువుకుంటుంది. ఏ గాలిలో, ఏ ఎత్తులో, కళ్ళ ముందు ఏం కనిపిస్తున్నప్పుడు ఆ చెయ్యి ఏం చేసిందో పొల్లు పోకుండా దాచుకుంటుంది. వయసు మళ్ళాక అదే తొడుగు వేసుకుంటే, ముసలి చెయ్యి తడబడిన చోటల్లా ఆ పడుచు చెయ్యి అందుకుంటుంది. ఎవరి చెయ్యి వాళ్ళకే. ఇంకొకరి తొడుగులో చెయ్యి పెట్టడం నేరం.

ఈ తొడుగు వచ్చాక లోకమే మారిపోయింది. ఒంగోలులో తొంభై ఏళ్ళ డాక్టరమ్మ కంటి ఆపరేషన్లు చేస్తోంది. మృదంగం వాయించేవాళ్ళు ఎప్పటికీ దిగిపోకపోవడంతో వాళ్ళ శిష్యులు కచేరీలు లేక గోళ్ళు గిల్లుకుంటున్నారు. ముసలితనం చేతుల్లోంచి పారిపోయి మొహాల్లో మాత్రమే మిగిలింది. అందుకు సంతోషించనివాళ్ళు లేరు. ఎస్తేరు కూడా సంతోషించింది, ఈ ఏడాది దాకా.

ఆమె గగనానుమతి పరీక్షకురాలు. అరవై ఆరేళ్ళు. డెబ్బై దాటినవాళ్ళకే తొడుగు తప్పనిసరి కాబట్టి ఇంకా ఒట్టి చేతులతోనే ఎగురుతోంది. డేగ నడిపే ప్రతి ముసలివాడి పక్కనా ఏడాదికోసారి కూర్చుని, ఇతను ఇంకా ఎగరవచ్చా లేదా అని తేల్చడం ఆమె పని. ఆమె పరీక్షలో తప్పినవాళ్ళు ఎవరూ లేరు. తప్పేదెలా? చెయ్యి ఎప్పుడూ నలభై అయిదేళ్ళదే. అయినా ఈ ఏడాదిలో ఆమె సంతకం పెట్టినవాళ్ళవే మూడు డేగలు కూలాయి. మూడూ మంచి విమానాలు, మూడూ మంచి చేతులు. మూడూ దుమ్ము లేచిన రోజుల్లోనే కూలాయి. దర్యాప్తు చేసినవాళ్ళకి తొడుగుల్లో ఏ లోపమూ దొరకలేదు. అంత దుమ్ములో అసలెందుకు బయల్దేరారన్న ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. ముసలివాళ్ళ మొండితనమని రాసి ఊరుకున్నారు.

ఈ రోజు పరీక్ష మాల్యాద్రిది. డెబ్బై ఎనిమిదేళ్ళ మాల్యాద్రి ఆమెకి సొంత అన్న కాకపోయినా అంతకు తక్కువేమీ కాదు. కరువు రోజుల్లో ప్రభుత్వం మబ్బుల మీద మందు చల్లించి వానలు కురిపించడానికి వానదళాన్ని పెట్టింది. అందులో అందరూ జతలుగా ఎగిరేవాళ్ళు. మాల్యాద్రికి జత ఎస్తేరు సొంత అన్న జకరయ్య. ఎడమ సీట్లో మాల్యాద్రి, కుడి సీట్లో జకరయ్య. పాతికేళ్ళకు పైగా సీటు మారలేదు, జత మారలేదు. ఎస్తేరు ఎగరడం నేర్చుకున్నది వాళ్ళ వెనక ఉండే చిన్న మడత సీట్లో కూర్చునే. నాలుగేళ్ళ కిందట దుమ్ము లేచిన ఒక రోజున జకరయ్య తన డేగలో ఒంటరిగా వస్తూ రన్‌వేకి కాస్త ఇవతల పడిపోయాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. స్టిక్‌తో పెనుగులాడిన గుర్తేమీ లేదు. గుండె ఆగి ఉంటుందన్నారు. నిద్రలో పోయినట్టు పోయాడని పాస్టరు గారు సమాధి దగ్గర చెప్పిన మాటని ఎస్తేరు గట్టిగా పట్టుకుంది. నాలుగేళ్ళుగా ఆమెని నిలబెట్టింది ఆ మాటే.

మొన్న మాల్యాద్రి భార్య శేషారత్నం ఫోన్ చేసి ఒక సంగతి ఎస్తేరు చెవిన వేసింది. ఆయన రోజూ పొద్దున్నే వాతావరణం చూస్తున్నాడట. ఎండ బాగుంటే పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. దుమ్ము లేస్తుందంటేనే చొక్కా వేసుకుంటాడు. వద్దంటే వినడు. తిరిగొచ్చాక రెండు రోజులు చిన్నపిల్లాడిలా హుషారుగా ఉంటాడు, మళ్ళీ దుమ్ము కోసం ఎదురుచూపు. ఆ మాటలు విన్నప్పటి నుంచి ఎస్తేరుకి కూలిపోయిన మూడు డేగలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

మాల్యాద్రి షెడ్డు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా అంచు దాటి ఒలుకుతోంది. తొడుగు వేసుకుని డేగ ఎక్కాక ఆ వణుకు మాయమైంది. పరీక్ష ఎండ కాసే రోజునే పెట్టాలని నిబంధన, ముసలివాళ్ళ క్షేమం కోసమట. సాగర్ దాకా వెళ్ళి నీళ్ళ మీద చుట్టు తిరిగి, ఎస్తేరు అడిగిన తిప్పుళ్ళన్నీ తిప్పాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆ చేతిని ఆమె గుర్తుపట్టింది. గాలి కుదుపు రాకముందే దాన్ని పసిగట్టి మణికట్టు కాస్త వదులు చేసే అలవాటు కూడా అలాగే ఉంది. తను పాతికేళ్ళ పిల్లగా వెనక సీట్లోంచి చూసిన చెయ్యి ఇది.

తిరుగు దారిలో దొనకొండ వైపు ఆకాశం గోధుమరంగుకి తిరిగింది. రోహిణికార్తెలో మధ్యాహ్నం పూట ఎప్పుడు దుమ్ము లేస్తుందో ఎవరూ చెప్పలేరు. గన్నవరం వైపు తేటగా ఉంది, అటు వెళ్ళి దిగమనడం ఆమె ధర్మం. ఆ మాట ఆమె అనకముందే మాల్యాద్రి డేగని అటు తిప్పబోయాడు. ఎస్తేరుకి అనుమానం వచ్చింది. దుమ్ము కోసం కాచుక్కూర్చునే మనిషి దుమ్ము నుంచి తప్పుకుంటున్నాడేమిటి?

"దొనకొండలోనే దిగన్నా," అంది.

"వద్దులేమ్మా. నువ్వుండగా వద్దు."

"నేనున్నప్పుడే చూడాలి."

పరీక్షలో పరీక్షకురాలి మాటే చెల్లుతుంది. మాల్యాద్రి డేగని దుమ్ములోకి దించాడు.

చుట్టూ మట్టిరంగు గోడ కట్టినట్టయింది. ఇలాంటప్పుడు దిగడానికి వానదళం వాళ్ళది ఒక ప్రత్యేకమైన పద్ధతి. దాని పేరు మసకదిగుడు. లోపలి మీటర్లని చూస్తున్న కన్ను బయటికి మళ్ళి రన్‌వేని పోల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది, విమానాలు కూలేది ఆ సమయంలోనే. అందుకని పనిని ఇద్దరూ పంచుకునేవాళ్ళు. ఎడమ సీటువాడు బయటికి చూడనే చూడడు. మీటర్ల మీదే కళ్ళు పెట్టి కిందికి దించుతాడు. కుడి సీటువాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి మాత్రమే చూస్తాడు. రన్‌వే దీపాలు కనిపించగానే స్టిక్ పట్టుకుని "నాది" అంటాడు. ఎడమవాడు "నీది" అని చెయ్యి తీసేస్తాడు. మిగిలిన దిగుడంతా కుడివాడిదే. ఆ రెండు మాటలూ ఆ వరసలోనే రావాలి, ఎందుకంటే ఎవరి చేతిలోనూ లేని విమానం ఒక్క క్షణం కూడా ఉండకూడదు.

మాల్యాద్రి చెయ్యి డేగని గీత గీసినట్టు దించుతోంది. ఎస్తేరుకి భయం వేయలేదు. ఇంత చక్కగా దించేవాడి గురించి శేషారత్నం వదిన అనవసరంగా కంగారు పడిందేమో అనుకుంటూ ఉండగానే దుమ్ములో రెండు వరసల దీపాలు మసగ్గా కనిపించాయి.

అప్పుడు మాల్యాద్రి వేళ్ళు విచ్చుకున్నాయి. ఒక్కొక్కటే, తొందర లేకుండా స్టిక్‌ని వదిలాయి. చెయ్యి వచ్చి మోకాలి మీద వాలింది. అతను బయటికి చూడటం లేదు. కళ్ళు మీటర్ల మీదే ఉన్నాయి, మొహం మాత్రం ఇంటికి చేరుకున్నవాడి మొహంలా ఉంది.

"నీది," అన్నాడు.

ఎవరూ "నాది" అనలేదు. ఆ మాటకి ముందు రావలసిన మాట రాలేదు. డేగ ముక్కు మెల్లగా పక్కకి తిరుగుతోంది, దీపాల వరస కుడివైపు జారిపోతోంది. ఏ హెచ్చరికా మోగలేదు. తొడుగు లెక్క ప్రకారం తప్పేమీ జరగలేదు మరి. ఈ గాలిలో, ఈ ఎత్తులో, దీపాలు కనిపించినప్పుడు ఈ చెయ్యి ఎన్నో ఏళ్ళపాటు చేసింది ఇదే.

"నాది," అని ఎస్తేరు స్టిక్ లాక్కుంది. చక్రాలు నేలకి తగిలి ఎగిరి మళ్ళీ తగిలాయి. డేగ ఊగిపోతూ రన్‌వే చివరి దాకా వెళ్ళి ఆగింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. మాల్యాద్రి చేతులు వణకడం లేదు.

చాలాసేపటి దాకా ఇద్దరూ దిగలేదు. అద్దాల మీద దుమ్ము రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చెయ్యి విచ్చుకోవడం అతనికి తెలుసని ఎస్తేరుకి అర్థమైంది. ఎప్పటినుంచని అడిగింది.

"జకరయ్య పోయిన మరుసటేడు. నాకూ మొదట తెలవలా. దుమ్ములో దిగతా ఉండా, లైట్లు అగుపడంగానే చెయ్యి దానంతటదే విచ్చుకుంది. పక్కన వాడుండాడు."

"కనపడ్డాడా అన్నా?"

"కనపడేదేముంది? నేనెప్పుడు పక్కకి చూశానమ్మా? నా కళ్ళు మీటర్ల మీదేగా. వాడుండాడని నా చేతికి తెలిసేది, అంతే. ఇప్పుడూ అంతే."

అతను అబద్ధం చెప్పడం లేదు, మతి తప్పీ మాట్లాడటం లేదు. పాతికేళ్ళు పక్కకి చూడకుండా నమ్మిన మనిషికి, పక్క సీట్లో ఎవరైనా ఉండటానికీ లేకపోవడానికీ తేడా తెలిసే దారి లేదు. కాసేపు ఆగి మళ్ళీ తనే పట్టుకుంటానని మాల్యాద్రి చెప్పాడు. ఎంతసేపు ఆగగలిగితే అంతసేపు ఆగుతాడట. ప్రతిసారీ కొంచెం ఎక్కువ ఆగుతున్నావు కదా అని ఎస్తేరు అడిగితే కాదనలేదు. కూలిపోయిన ఆ ముగ్గురూ కూడా జతలు పోయినవాళ్ళేనని, ఈ సంగతి కాలనీలో తన ఈడువాళ్ళందరికీ తెలుసునని, పరీక్ష చేసేవాళ్ళకి మాత్రం చెప్పుకోరని అన్నాడు. రామిరెడ్డి టమాటాలకి వెళ్ళేది కూడా మదనపల్లె ఘాట్‌లో మంచు పడుతుందనేనట.

ఎస్తేరుకి అప్పుడు తట్టింది. తట్టిన క్షణంలోనే, తట్టకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"మరి జకరయ్యన్న?" అంది.

మాల్యాద్రి ఆమె వైపు చూడలేదు.

"వాడి చెయ్యి వేరు కదమ్మా. లైట్లు అగుపడేదాకా వాడి చేతికి పనే లేదు."

గుండె ఆగి కాదు. నిద్రలో పోయినట్టూ కాదు. ఆ రోజు జకరయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, దుమ్ములోకి చూస్తూ, దీపాల కోసం వెతుకుతూ. డేగ ఎటో పక్కకి పోతున్నా అతని తొడుగు అతని చేతుల్ని బుద్ధిగా ఒళ్ళోనే కూర్చోబెట్టింది, ఎందుకంటే దించడం ఎడమ సీటువాడి పని. ఎడమ సీట్లో ఎవరూ లేరన్నది తొడుగు నేర్చుకోని సంగతి. చివరి దాకా వాడు తన కోసమే చూస్తూ ఉండి ఉంటాడని మాల్యాద్రి నెమ్మదిగా అన్నాడు. ఎస్తేరు ఏడ్చింది. నాలుగేళ్ళ కిందట సమాధి దగ్గర కూడా అంతగా ఏడవలేదు. ఆ తొడుగు మీద, దాన్ని చేసినవాళ్ళ మీద, పక్కనే తప్పించుకుని బతికి ఉన్న ఈ ముసలాయన మీద కూడా ఆమెకి పట్టరాని కోపం వచ్చింది.

దిగేటప్పుడు మాల్యాద్రి ఆమెని ఒకే ఒక్కటి అడిగాడు.

"నన్ను ఆపెయ్ తల్లీ, పర్లేదు. తొడుగులో ఉండే నా చెయ్యిని మాత్రం కోయించొద్దు."

ఎస్తేరు రెండూ చేసింది. చేయక తప్పదు. దుమ్ము లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు బయల్దేరుతూనే ఉంటారు, బయల్దేరినవాడు ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతాడు. తెలిసి ఊరుకుంటే రేపు కందిచేలో పడేవాడి పాపం తనదే అవుతుంది. ఆమె పై అధికారులకి ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు నిర్ఘాంతపోయారు. తొడుగు చెయ్యి చేసే పనుల్నే కాక, చెయ్యి పని మానేసి ఇంకొకరిని నమ్మే క్షణాలని కూడా చదువుకుందని వాళ్ళకి అంతవరకు తట్టనే లేదు. ఆ ఖాళీలన్నీ కోసేసి, వాటి స్థానంలో మామూలుగా ఒంటరి పైలట్ చేసే పనిని అతికించారు. దానికి మౌనసవరణ అని పేరు పెట్టారు. వానాకాలం ముగిసేలోపు బతికి ఉన్నవాళ్ళ తొడుగులన్నిటికీ అది అందింది.

ఆ తర్వాత దుమ్ములో గాని మంచులో గాని ఒక్క డేగ కూడా కూలలేదు. మాల్యాద్రికి మళ్ళీ పరీక్ష పెట్టారు, నిబంధన మార్చి ఈసారి దుమ్ములోనే. ఎస్తేరు కుడి సీట్లో కూర్చుంది. దీపాలు కనిపించాయి. మాల్యాద్రి వేళ్ళు కదల్లేదు. స్టిక్‌ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి, పువ్వు పెట్టినట్టు డేగని నేల మీద పెట్టాయి. ఆమె చూసిన దిగుళ్ళలో అంత చక్కటిది లేదు. మాల్యాద్రి తొడుగు విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"బాగా దించింది. ఎవరిదోలే ఈ చెయ్యి," అన్నాడు.

అతను మళ్ళీ ఎగరలేదు. అతనే కాదు, ఒకరి తర్వాత ఒకరు అందరూ మానేశారు. డేగలు షెడ్లలో ఉండిపోయాయి, రామిరెడ్డి గారు టమాటాలు దొనకొండ సంతలోనే బేరమాడి కొంటున్నారు. తొడుగులు చేసే కంపెనీవాళ్ళు వచ్చి, ఇంత భద్రంగా చేశాక ఎగరడం ఎందుకు మానేశారని గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగారు. అందరూ మజ్జిగ ఇచ్చి పంపేశారు గాని జవాబు చెప్పలేదు. మాల్యాద్రి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంటున్నాడు. మాట్లాడటం తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. వణికే చేతిని కుర్చీ చేతి మీద మూస్తాడు, విప్పుతాడు. ఎస్తేరు చూడబోతే శేషారత్నం ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"దుమ్ములో పోతాడని బయపడి నీకు చెప్పా ఎస్తేరమ్మా. ఇప్పుడు నా కళ్ళెదుటే, కుర్చీలో కూకొని పోతా ఉండాడు," అంది.

ఆ మాట ఎస్తేరుని నిద్రపోనివ్వలేదు. తను చేసింది తప్పు కాదు. మళ్ళీ చేయమన్నా అదే చేస్తుంది. కాని ఒక మనిషి పోయాక మిగిలినదాన్ని రెండోసారి తీసుకెళ్ళి పాతిపెట్టింది తనేనన్న బాధ మాత్రం పోలేదు. ఆలోచిస్తూ ఉండగా ఒక సంగతి గుర్తొచ్చింది. సవరణ చేసింది బతికి ఉన్నవాళ్ళ చేతులకే. చచ్చిపోయినవాళ్ళ చేతుల్ని ఎవరూ ముట్టుకోలేదు. జకరయ్యకి పెళ్ళాం బిడ్డలు లేరు, అతని తొడుగుకి వారసురాలు ఆమే.

పోయినవాళ్ళ తొడుగుల్ని దాచి ఉంచే హస్తభాండారం నుంచి దాన్ని తెచ్చుకోవడానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. దాచుకోవడం తప్పు కాదు, అందులో ఇంకొకరు చెయ్యి పెట్టడమే తప్పు. ఎస్తేరు జన్మలో నిబంధన దాటిన మనిషి కాదు, ఇప్పుడూ దాటదలుచుకోలేదు. కాలనీ చివర శిక్షణ షెడ్డులో నేల మీద కదలకుండా ఉండే అనుకరణ విమానం ఒకటుంది. ముసలివాళ్ళు దాన్ని ఉత్తుత్తి విమానం అంటారు. ఒక మధ్యాహ్నం ఆమె మాల్యాద్రిని బతిమాలి, చెయ్యి పట్టుకుని అక్కడికి నడిపించుకొచ్చింది. ఎడమ సీట్లో కూర్చోబెట్టింది. కుడి సీట్లో జకరయ్య తొడుగుని పరిచి, భుజం వైపు కొసని సీటుకి కట్టింది. లోపల ఎవరి చెయ్యీ లేదు. వేళ్ళు సీటు మధ్యలో, ఒడి ఉండవలసిన చోట, మెత్తగా వాలి ఉన్నాయి.

మాల్యాద్రి దాని వైపు చాలాసేపు చూశాడు. ఇది వాడిదేనా అని అడగలేదు. తన తొడుగు తెచ్చావా అనీ అడగలేదు. ఒట్టి చేతిని స్టిక్ మీద వేసి కళ్ళని మీటర్ల మీదికి తిప్పుకున్నాడు. ఎస్తేరు వెనక మడత సీటు దించుకుని కూర్చుని దుమ్ముని మొదలుపెట్టింది.

అద్దాల తెర మట్టిరంగు అయింది. మాల్యాద్రి చెయ్యి వణుకుతోంది. మీటరు ముల్లు అటు పోతే ఆలస్యంగా ఇటు లాగుతున్నాడు, ఇటు పోతే ఎక్కువగా అటు లాగుతున్నాడు. పరీక్షలో అయితే ఎస్తేరు ఈపాటికే ఆపేసేది. ఎత్తు తగ్గుతోంది, దీపాలు రావలసిన సమయానికి రాలేదు. అతను దిగవలసిన గీతకి బాగా ఎడంగా పోయాడు. ఎస్తేరు కళ్ళు కుడి సీటు మీదే ఉన్నాయి. తొడుగు వేళ్ళు కదల్లేదు. నేల దగ్గరపడింది, ఇంకా దగ్గరపడింది, వేళ్ళు ఒళ్ళో అలాగే ఉన్నాయి, ఏ కంగారూ లేకుండా, వచ్చేవాడు వస్తాడన్న నమ్మకంతో. తెర ఆగిపోయింది.

ఇలా పోయాడన్నమాట తన అన్న. ఇదంతా ఎందుకు మొదలుపెట్టానా అనిపించి, ఆపేద్దామని లేవబోయింది.

"మళ్ళీ పెట్టమ్మా," అన్నాడు మాల్యాద్రి. గొంతులో అరుగు మీద మనిషి లేడు. "ఈసారి తీసుకొస్తా."

మళ్ళీ దుమ్ము. మళ్ళీ ఆ వణుకు. కాని ఈసారి అతను వణుకుతో పోట్లాడటం మానేశాడు. చెయ్యి ఆలస్యమవుతుందని తెలుసు కాబట్టి ముందుగానే కదపడం మొదలుపెట్టాడు. డేగ ఊగుతోంది, తూలుతోంది, అయినా గీత చుట్టూనే తిరుగుతోంది. చెమట కారి అతని కళ్ళజోడు మీద పడింది, తుడుచుకోలేదు. ఎత్తు తగ్గింది. తెర మీద ఎదురుగా, మసగ్గా, రెండు వరసల దీపాలు వెలిగాయి. మాల్యాద్రి వాటిని చూడలేదు. అతను ఎప్పుడూ చూడలేదు.

కుడి సీట్లో ఖాళీ తొడుగు లేచింది. వేళ్ళు స్టిక్‌ని చుట్టుకుని నెమ్మదిగా బిగిశాయి. ఆ బిగువు ఇవతలి స్టిక్‌లోకి వచ్చినట్టుంది, మాల్యాద్రి చేతిలో వణుకు ఆగింది.

"నీది," అని తన చేతిని తనే విప్పాడు.

అతని ముందున్న స్టిక్ ఎవరూ ముట్టుకోకుండానే కాస్త కుడికి, కాస్త వెనక్కి కదిలింది. ఉత్తుత్తి విమానం ఉత్తుత్తి రన్‌వే మీదికి దిగుతోంది. మాల్యాద్రి పక్కకి చూడకుండా మీటర్లని చూస్తూ కూర్చున్నాడు. వెనక మడత సీట్లో ఎస్తేరు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చక్రాలు నేలకి తగిలే చప్పుడు కోసం వింటోంది.